అడ్డం తిరగని సాక్షి

మా అనంతపురం జిల్లాలో వాన కురిసిందా లేదా అన్నదానికి కూడా సాక్ష్యం కావాలి. వేళాకోళానికి అనడం లేదు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లు పడితే అదే పదివేలనుకునే నేల ఇది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మనకేనని ఇక్కడి బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. ఆ పడేది కూడా వరసగా పడదు. ఒకరి చేను తడుస్తుంది, గట్టు అవతల చేను ఎండుతుంది. బుడ్డలు, అంటే కోస్తా వాళ్ళ భాషలో వేరుశెనగ, ఊడలు దిగే వేళకి వాన మొహం చాటేస్తుంది. రైతు పరిహారం కోసం వెళితే, "మీ మండలంలో వర్షమాపకం ఇంత చూపించింది కదయ్యా!" అంటారు. చూపించే ఉంటుంది. అది ఉన్నచోట వాన పడే ఉంటుంది. యంత్రమూ అబద్ధమాడలేదు, రైతూ అబద్ధమాడలేదు. యంత్రం తానున్న చోటు సంగతి చెప్పింది, రైతు తన చేను సంగతి చెప్పాడు. అంతే తేడా.

ఈ తేడాని కాస్త గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేది వాన గురించి కాదు, సెల్‌ఫోను గురించి.

ఈ రోజుల్లో ఏ పేపరు తీసినా, హత్య వార్త ఉన్నచోటల్లా చివర్న ఒక వాక్యం ఉంటోంది: సెల్‌ఫోను సిగ్నళ్ళ ఆధారంగా నిందితుణ్ణి పట్టుకున్నారని. ఒకప్పుడు మనం కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు అద్దెకు తెచ్చుకుని రాత్రంతా చదివేవాళ్ళం. డిటెక్టివ్ యుగంధర్ సిగరెట్టు పీక చూసేవాడు, కాలిగుర్తు చూసేవాడు, ఆలోచించేవాడు. అసిస్టెంటు రాజు కారు తోలేవాడు. ఇప్పుడైతే యుగంధర్‌గారు ఫోను కంపెనీకి ఒక ఉత్తరం ముక్క రాసి, కాఫీ తాగి పడుకుంటే సరిపోతుందని జనం అనుకుంటున్నారు. ఆ అనుకోవడంలో ఎంత నిజముందో, ఎంత ప్రమాదముందో చూద్దామనే ఈ వ్యాసం. అందుకు కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా జిల్లాలోనే వెళ్ళొచ్చు, దూరం పోనక్కర్లేదు.

1893 అక్టోబరు 4. బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడి అప్పటికి 11 ఏళ్ళు. గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపలా కాసే గూళపాళ్యం హంపన్న అనే ఆయన ఉండేవాడు. ఆ దగ్గర్లో బస చేసిన తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ళని వెంటబడి తరిమితే, వాళ్ళు వచ్చి హంపన్న గుడిసెలో దూరారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. సోల్జరు తుపాకి పేల్చాడు. మర్నాడు హంపన్న చనిపోయాడు. గుత్తి ప్లీడరు, 'హిందూ' పత్రిక విలేఖరి పట్టి కేశవపిళ్ళె గారు ఊరుకోకుండా రాసి రాసి దేశమంతా వినబడేట్టు చేశారు. కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. విచారణకి నిలబడ్డ సోల్జరు నిర్దోషి అని తేలింది. హత్య జరిగింది, అందులో ఎవరికీ సందేహం లేదు. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. హంపన్నకి తర్వాత స్మారకశిల వేయించారు, అందులో కొందరు ఇంగ్లీషువాళ్ళు కూడా చందా ఇచ్చారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి గదా!

ఆ నాటి కోర్టుకి ఉన్నది మనిషి నోటిమాట ఒక్కటే. ఆ నోరు ఎవరిది, వినే చెవి ఎవరిది అన్నదాన్ని బట్టి న్యాయం అటో ఇటో ఒరిగేది. తర్వాత తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. నోటిమాట బలహీనత మాత్రం వెళ్ళలేదు. మా రాయలసీమ పార్టీ తగాదాల సంగతి వేరే చెప్పాలా! పట్టపగలు, బస్టాండులో, వందమంది చూస్తూండగా జరిగిన కేసుల్లో కూడా, మూడేళ్ళ తర్వాత బోనెక్కిన సాక్షి "నేను ఆ రోజు ఊర్లోనే లేను సామీ" అనేవాడు. దాన్నే కోర్టు భాషలో సాక్షి అడ్డం తిరగడం అంటారు. అతన్ని తప్పుపట్టడానికి మనమెవరం? సాయంత్రానికి ఆ ఊరికే తిరిగి వెళ్ళాల్సినవాడు. పిల్లలున్నవాడు. అంచేత, అడ్డం తిరగని సాక్షి ఒకడు కావాలని పోలీసులు, ప్లీడర్లు, చివరికి జడ్జీలు కూడా ఎంతకాలంగా కలలు కన్నారో నేను ఊహించగలను.

ఆ సాక్షి యంత్రం రూపంలో వచ్చాడు. మొదట వచ్చింది టేపురికార్డరు. చిత్రమేమిటంటే, దాని కథలో కూడా మా అనంతపురం ఉంది.

గార్లదిన్నె దగ్గర ఇల్లూరు అనే ఊరు. అక్కడ పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1969లో లోక్‌సభ స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికకి నిలబడ్డారు. కాంగ్రెసు పార్టీ అధికార అభ్యర్థి ఆయనే. కాని ప్రధాని ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటు వెయ్యమన్నారు. ఆ మాటకి అర్థం పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. ఎదుట నిలబడింది మరో తెలుగాయన, బరంపురంలో పుట్టిన వి.వి. గిరిగారు. ఇద్దరు తెలుగువాళ్ళు దేశపు పెద్దకుర్చీ కోసం పోటీపడటం అదివరకు లేదు. ఆగస్టు 20న లెక్కపెడితే మొదటి ప్రాధాన్యం ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యం కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. ఆయన ఓడి ఇంటికొచ్చి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో పోటీ లేకుండా అదే పదవికి ఎన్నికవడం తర్వాతి కథ.

ఎన్నికకు ముందు పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డిగారి మీద ఒక కరపత్రం పంచారు. దాంట్లో ఉన్న రోత నేను తిరగరాయను. దాన్ని ఆధారం చేసుకుని ఎన్. శ్రీరామరెడ్డి మొదలైన పార్లమెంటు సభ్యులు సుప్రీంకోర్టులో పిటిషన్లు వేశారు. దేశాధ్యక్షుడు గిరిగారు తానే స్వయంగా సుప్రీంకోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. ఇంతకీ మనకి కావలసిన ఘట్టం వేరే. జగత్ నారాయణ్ అనే రాజ్యసభ సభ్యుడు సాక్షిగా వచ్చినప్పుడు, "మీరు ఫలానా పిటిషనరుని పిటిషను వెయ్యవద్దని ఒత్తిడి చేశారా?" అని అడిగారు. లేదన్నారాయన. వెంటనే అవతలి ప్లీడరు, ఆ సంభాషణ టేపులో ఉంది, వినిపిస్తామన్నారు. పెద్ద అభ్యంతరం లేచింది. టేపు కత్తిరించవచ్చు, అతికించవచ్చు, దాన్ని ఎలా నమ్మడం అని. 1970 ఏప్రిల్లో కోర్టు చెప్పింది: టేపు వినవచ్చు. సాక్షి మాటని కాదనడానికి అది పనికొస్తుంది. అయితే వినడం వేరు, నమ్మడం వేరు. ఎంత నమ్మాలన్నది టేపులో మార్పులు జరగలేదని తేలిన తర్వాత సంగతి. చివరికి పిటిషన్లు కొట్టేశారు, గిరిగారి పదవికి ఏమీ కాలేదు. ఇల్లూరు రెడ్డిగారి ఓటమి మాత్రం మన సాక్ష్యపు చట్టానికి ఒక మేలు చేసిపెట్టింది.

రెండేళ్ళకి ఫోను కూడా బోనెక్కింది. బొంబాయిలో శవపంచాయతీ చేసే కరోనరు ఒకాయన, ఆపరేషను తర్వాత చనిపోయిన రోగి విషయంలో డాక్టరు దగ్గర లంచం అడిగాడు. అవినీతి నిరోధక పోలీసులు ఫోనుకి టేపురికార్డరు తగిలించి బేరమంతా పట్టారు. 1972లో సుప్రీంకోర్టు ఆ టేపుని ఒప్పుకుంది. సంఘటనకి ఫోటో ఎలాంటిదో మాటకి టేపు అలాంటిదని చెబుతూ మూడు షరతులు పెట్టింది. కేసుకి సంబంధించిన మాట కావాలి, గొంతు ఎవరిదో తేలాలి, టేపు చెరిగి ఉండకూడదు. ఈ మూడింట్లో నడిమి షరతుని నేను చాలాసార్లు తలుచుకుంటాను. యంత్రం పట్టింది సరే, అందులో ఉన్నది ఎవరు? గుంతకల్లు గేటు దగ్గర తుపాకి పేలింది సరే, పేల్చింది ఎవరు? ప్రశ్న మారలేదు చూశారా!

సెల్‌ఫోను మన దేశంలో 1995 జులై 31న మోగింది. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు. మా పీఠభూమికి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. వచ్చే కాల్‌కి కూడా డబ్బు కట్టాల్సిన రోజుల్లో అది కాంట్రాక్టర్ల చొక్కా జేబులో అలంకారం. 2003లో ఆ బాధ తప్పాక మేస్త్రీ చేతికి, పాలవాడి చేతికి, చివరికి గొర్రెలు కాసే పిల్లవాడి చేతికి వచ్చింది. 2005 జనవరి 24న అనంతపురం పట్టణంలో మాజీ మంత్రి, పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవిని కాల్చి చంపినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. దర్యాప్తు సి.బి.ఐ.కి వెళ్ళింది. ఆ కేసు చుట్టూ వినిపించిన ఆరోపణల్లో, జైలు గోడల లోపల సెల్‌ఫోనులు నడిచాయన్నది ఒకటి. ఆ కథ నేను చెప్పబోను. అందులోని మనుషుల తాలూకు పిల్లలు ఇంకా ఈ ఊళ్ళల్లోనే తిరుగుతున్నారు. అయితే ఆ తర్వాతే మా వైపు టీ బంకుల దగ్గర 'కాల్ లిస్టు' అనే మాట మామూలైపోయింది. పోలీసు స్టేషను మెట్లెక్కనివాడికి కూడా ఆ మాట తెలుసు.

ఇంతకీ కాల్ లిస్టు అంటే ఏమిటి? మీరు ఫోనులో ఏం మాట్లాడారన్నది అందులో ఉండదు. ఎవరికి చేశారు, ఎన్ని గంటలకి, ఎంతసేపు, ఆ సమయంలో మీ ఫోను ఏ టవరుని పట్టుకుని ఉంది, ఆ పరికరం నంబరేమిటి, ఇవీ ఉండేవి. బిల్లు వెయ్యడం కోసం కంపెనీ రాసుకునే పద్దు అది. మన శెట్టిగారి కొట్లో చిట్టా లాంటిది. చిట్టా రాసేవాడు హత్య జరుగుతుందని రాయడు, అప్పు వసూలుకి రాస్తాడు. అందుకే దానికి విలువ. కంపెనీలు ఈ పద్దుని కనీసం రెండేళ్ళు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం నిబంధన మార్చింది. అదివరకు ఏడాదే. అంటే దర్యాప్తు చేసేవాడు బద్ధకిస్తే సాక్షి దానంతటదే మాయమవుతుంది. అడ్డం తిరగడు గాని, ఆయుష్షు తక్కువ.

ఇక పరికరం నంబరు. మీ ఫోనులో నక్షత్రం, ముళ్ళగుర్తు, సున్నా, ఆరు, మళ్ళీ ముళ్ళగుర్తు నొక్కండి. 15 అంకెలు కనబడతాయి. సిమ్ము మార్చినా ఆ అంకెలు మారవు. ఢిల్లీలో 2005లో ఒకాయన హత్యకి గురయ్యాడు, ఆయన ఫోను పోయింది. కొన్నాళ్ళకి ఆ 15 అంకెల పరికరంలో వేరే సిమ్ము మేలుకుంది. ఆ సిమ్ము గలవాడే హంతకుడని తేలింది. సాక్షుల మాటల్లో తేదీలు అటూ ఇటూ అయినా, ఈ అంకెల సాక్ష్యం గట్టిదని 2011లో సుప్రీంకోర్టు అతని శిక్ష ఖాయం చేసింది. దొంగ మేకని తోలుకుపోయాక దాని చెవి ముద్ర చూసి పట్టుకున్నట్టే. ఆ అంకెల్ని మార్చే ఘనులు కూడా బజారులో ఉన్నారు, దానికి చట్టంలో శిక్షా ఉంది.

ఈ అంకెలతోనే మా జిల్లా పోలీసులు ఒక మంచి పని చేశారు. 2022లో వాట్సాప్ మీద ఒక చాట్‌బాట్ పెట్టి, ఫోను పోయినవాళ్ళు స్టేషనుకి రాకుండానే వివరాలు పంపుకోవచ్చన్నారు. ఎక్కడెక్కడో వేరే రాష్ట్రాల్లో తేలిన ఫోనుల్ని వెనక్కి తెప్పించి, వందలకొద్దీ మనుషులకి అప్పగించారు. కూలిపని చేసుకునేవాడికి పదివేల ఫోను పోవడమంటే ఒక పంట పోయినట్టే. హంతకుల్ని పట్టుకోవడం కంటే ఇది చిన్న విషయమేమీ కాదని నా ఉద్దేశం. మరుసటి ఏడు, 2023 మే నెలలో, ఇలాంటి ఏర్పాటే దేశమంతటికీ 'సంచార్ సాథీ' పేరుతో వచ్చింది.

బయటి పద్దు అలా ఉంటే, ఫోను కడుపులో ఉన్నది ఇంకో లోకం. అందులో మనం చెరిపేశామనుకున్నది కూడా కొన్నిసార్లు బతికే ఉంటుంది. ఇది ఎలాగో మా తరం వాళ్ళకి సులువుగా చెప్పవచ్చు. 1984లో ఎన్.టి. రామారావుగారు కరణాలని తీసేసేదాకా ఊరి లెక్కలన్నీ కరణంగారి దస్త్రంలో ఉండేవి. ఆయన మీ పేరు జాబితాలో కొట్టేస్తే, కాగితం మీద మీ భూమి పోయినట్టే. కాని భూమి ఎక్కడికీ పోదు, అక్కడే పడి ఉంటుంది. ఇంకొకడు వచ్చి దున్నినప్పుడే మీ గట్లు చెరిగిపోతాయి. ఫోనులో సందేశం చెరపడం చాలాసార్లు ఆ జాబితాలో కొట్టివెయ్యడమే. దాని మీద వేరే సమాచారం పడేదాకా నేర్పున్న పరీక్షకుడు దాన్ని తవ్వి తియ్యగలడు. కొత్త రకం ఫోనులు మాత్రం చెరిపిన జాగాని తామే త్వరగా తుడిచేసుకుంటాయి. పైగా లోపలున్నదంతా తాళం వేసిన రహస్యలిపిలో ఉంటుంది. ఆ తాళం సంఖ్య చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టవచ్చా అన్నదాని మీద న్యాయస్థానాలు ఇంకా ఒక మాట మీదకి రాలేదు.

దొరికిన ఫోనుని ఏం చెయ్యాలన్నది కూడా పెద్ద విద్యే. సిగ్నలు తగలని సంచిలో వెయ్యాలి. లేకపోతే దూరంగా ఉన్న నేస్తం ఎవరో దాన్ని అక్కణ్ణించే తుడిచేయగలడు. అసలు ఫోనుని కెలక్కుండా, దానికి అచ్చు నకలు తీసి, నకలు మీద పరీక్ష చెయ్యాలి. ఆ నకలుకి 'హాష్' అనే ఒక పొడుగాటి సంఖ్య కడతారు. లోపల ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మొత్తం వేరే అయిపోతుంది. పూర్వం పంచనామా మూట మీద లక్క కరిగించి ముద్ర వేసేవాళ్ళు గుర్తుందా? ఇది అంకెల లక్క.

అయినా కోర్టుకి కాగితం కావాలి. 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చినప్పుడు, పాత సాక్ష్య చట్టంలో 65-బి అనే సెక్షను చేర్చి, కంప్యూటరులోంచి తీసిన నకలుకి బాధ్యుడైన మనిషి సర్టిఫికెట్టు ఇవ్వాలన్నారు. 2001 డిసెంబరు 13 పార్లమెంటు మీద దాడి కేసులో ఆ సర్టిఫికెట్టు లేకపోయినా కాల్ లిస్టులు చెల్లుతాయని 2005లో సుప్రీంకోర్టు అంది. 2014లో అదే కోర్టు, లేకపోతే చెల్లదు పొమ్మంది. 2020లో మళ్ళీ కూర్చుని, చెల్లదన్నదే సరి, అయితే అసలు ఫోనునే తెచ్చి, దాని యజమాని బోనెక్కి ఇది నాదని చెబితే సర్టిఫికెట్టు అక్కర్లేదని తేల్చింది. ఇక్కడ చిన్న తమాషా ఉంది. 2014 నాటిది కేరళలో ఎన్నికల పేచీ. 2020 నాటిది మహారాష్ట్రలో ఎన్నికల పేచీ. 1970 నాటిది మన రెడ్డిగారి ఎన్నిక పేచీ. హంతకుల మెడకి చుట్టుకునే చట్టాన్ని మనకి తయారుచేసి ఇచ్చింది ఎక్కువగా రాజకీయ నాయకులే! 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. దాని 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్టులో ఆ హాష్ సంఖ్య రాయాలి, సమర్పించేవాడొకడు, నిపుణుడొకడు, ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. నాకు భయం వేసేది టవరు దగ్గర.

హైదరాబాదులో వీధికొక టవరు. ఫోను ఏ టవరుని పట్టుకుందో తెలిస్తే మనిషి ఏ బజారులో ఉన్నాడో ఇంచుమించు చెప్పవచ్చు. మా దగ్గర అలా కాదు. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం వైపు బస్సులో వెళ్ళండి. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, మధ్యలో గాలిమరలు. ఊరికీ ఊరికీ మధ్య మైళ్ళకొద్దీ మైదానం. అడ్డేమీ లేనిచోట సిగ్నలు దూరం పోతుంది. పాత రకం జి.ఎస్.ఎం. లెక్క ప్రకారం ఒక టవరు 35 కిలోమీటర్ల దాకా ఫోనుతో మాట్లాడగలదు. వాడుకలో అంత పోకపోయినా, ఒక్క టవరు కింద ఏడెనిమిది పల్లెలు ఉండటం వింత కాదు. ఫోను ఎప్పుడూ దగ్గరి టవరునే పట్టుకోవాలన్న నియమం కూడా లేదు. గుట్ట అడ్డమొచ్చినా, దగ్గరి టవరు మీద రద్దీ ఎక్కువైనా, కరెంటు పోయినా దూరపు టవరుకి వెళుతుంది. మామూలుగా ఒక్కో టవరుకి మూడు దిక్కులకి మూడు ముఖాలుంటాయి. ఏ ముఖం పట్టుకుందో కూడా రాసి ఉంటే దిక్కు తెలుస్తుంది, చోటు తెలియదు. అలాంటిచోట "నిందితుడి ఫోను ఘటనాస్థలం టవరు పరిధిలో ఉంది" అనే వాక్యానికి ఎంత బరువు ఇవ్వాలి? ఆ పరిధిలో అతని ఇల్లుంది, అత్తగారి ఇల్లుంది, అతను రోజూ మేకల్ని తోలుకెళ్ళే బీడు ఉంది. హతుడి ఊళ్ళో సగం మంది ఫోనులు కూడా అదే పరిధిలో ఉన్నాయి. ఇందాకటి వర్షమాపకం గుర్తొస్తోందా?

ఇది మా మెట్టనేల చాదస్తం అనుకునేరు. డెన్మార్కు అంటే ఎంత నాజూకు దేశం! అక్కడ 2019లో పోలీసుల కంప్యూటరు ఒకటి, ఫోను కంపెనీలు పంపిన ముడి సమాచారాన్ని మార్చేటప్పుడు కొన్ని వివరాల్ని జారవిడిచిందని బయటపడింది. ఫోనుల్ని తప్పు చోట నిలబెట్టిన సందర్భాలు కూడా తేలాయి. 2012 నుంచి నడిచిన 10,700 కేసుల్ని తిరగదోడాల్సి వచ్చింది. కోర్టుల్లో ఈ సాక్ష్యం వాడకాన్ని రెండు నెలలపాటు ఆపేశారు. రిమాండులో ఉన్న 32 మందిని వదిలిపెట్టారు. అక్కడ ఆ తప్పుని బయటపెట్టుకున్నారు, లెక్కలు చెప్పారు. అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

ఇంకో సంగతి, పట్నం జడ్జీగారికి తట్టేది కాదు. సెల్‌ఫోను అంటే ఒక మనిషి అని లెక్క వేస్తారు. మా పల్లెల్లో చాలాకాలం ఫోను అంటే ఒక ఇల్లు. సిమ్ము అన్న పేరు మీద ఉంటుంది, తీసుకున్నది బావమరిది ఆధారు కాగితంతో, పొద్దున్న వాడేది పెళ్ళాం, సాయంత్రం వాడేది బడికెళ్ళే కొడుకు. కరువొచ్చి పని కోసం బెంగుళూరు పోయేటప్పుడు, ముసలమ్మ దగ్గర ఉండనీలే అని ఫోను ఇంట్లో వదిలి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అలాంటివాణ్ణి పట్టుకుని అడిగితే, "నేను బెంగుళూర్లో ఉంటి సార్, ఫోను ఇంటికాడ ఉండె" అంటాడు. నిజం కావచ్చు, బొంకు కావచ్చు. దాన్ని తేల్చేది ఫోను కాదు. బెంగుళూరులో అతనితో ఇటుకలు మోసినవాడు వచ్చి చెప్పాలి. మళ్ళీ నోటిమాట దగ్గరికే వచ్చాం. తెలివైన నేరస్థుడు దీన్నే తిరగేసి వాడతాడు. ఫోను ఇంట్లో మోగుతూంటుంది, తాను పొలంలో గొడ్డలితో ఉంటాడు. మంచి దర్యాప్తు అధికారి టవరు దగ్గర ఆగడు. టోల్‌గేటు కెమెరా, పెట్రోలు బంకు రసీదు, చూసినవాళ్ళు, అన్నీ కలిపి తాడు పేనుతాడు. ఒంటి పోగుని తాడని చూపించేవాడితోనే ప్రమాదం.

మాట రికార్డయి ఉంటే ఈ బాధలన్నీ లేవు కదా అంటారేమో. పార్లమెంటు దాడి కేసులోనే ఇంకో నిందితుడు ఎస్.ఎ.ఆర్. గిలానీ. ఢిల్లీ కాలేజీలో అరబిక్ చెప్పే అధ్యాపకుడు. దాడి మర్నాడు ఆయనకి తమ్ముడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పోలీసులు విన్నారు, పట్టారు. మొత్తం 2 నిమిషాల 16 సెకన్లు. గొంతు ఆయనదే, ఆయన కాదనలేదు. కాని మాట్లాడింది కాశ్మీరీలో. అందులో ఒక ముక్కకి పోలీసుల తరఫు అనువాదం, దాడి జరిగిందని ఆయన సంతోషించినట్టుంది. ఆయన తరఫున వచ్చిన కాశ్మీరీ తెలిసినవాళ్ళు, అది ఇంటి గొడవ, అర్థం అది కానే కాదన్నారు. 2002 డిసెంబరులో కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. 2003 అక్టోబరులో హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఆ విడుదలనే ఖాయం చేసింది. ఉరికీ విడుదలకీ మధ్య పది నెలలు ఆ మనిషి ఎలా నిద్రపోయాడో!

మా సీమ మాటతో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. "వాని సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడనుకోండి. ఆస్పత్రిలో ఉన్న బంధువు గురించి అంటే ఒక అర్థం. చేను గట్టు జరిపిన దాయాది గురించి అంటే ఇంకో అర్థం. అనంతపురం ప్లీడరుకి ఆ విరుపు వినగానే తెలుస్తుంది. మా జిల్లా కోర్టులో సాక్షి తెలుగులో చెప్పినా, కేసు పైకోర్టుకి వెళ్ళేసరికి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆ 'చూసుకుంటా'కి ఇంగ్లీషులో ఏ మాట పెట్టాలో, ఆ పూట తర్జుమాకి కూర్చున్నాయన నిర్ణయిస్తాడు.